చప్పుడు విని కొన్న కంప్యూటర్

దుర్గను తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది. దుర్గ మీద కాదు, దుర్గ చుట్టూ ఉన్నవాళ్ళ మీద. కోపం చల్లారాక నిదానంగా రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. చల్లారేట్టు లేదు. అందుకని కోపంగానే రాస్తున్నాను.

తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మేమిద్దరం పక్కపక్కన నిలబడి పనిచేస్తాం. ఛార్జర్లకు మూతలు బిగించే పని. నా పేరు వాణి, నాది చిట్టమూరు వైపు వరి పండే ఊరు. దుర్గది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె, కుప్పం అంటారు. తండ్రి లేడు. తల్లి పేరమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. తమ్ముడు పెంచల్ ఇంకొకరి పడవ మీద వేటకు పోతున్నాడు. వాడికి సొంత పడవ, సొంత ఇంజన్ ఎప్పుడు అమరుతాయా అని ఇల్లంతా ఎదురుచూస్తూ ఉంది.

కంపెనీ బస్సులో అందరం తలలు వాల్చి నిద్రపోతాం. దుర్గ ఒక్కతే ఫోన్లో బస్సు తోలుతూ ఉంటుంది. అది ఆట. అందులో వచ్చే బస్సులు ఏ దేశానివో ఏమో. దుర్గ వాటి రంగులు చెరిపేసి మన పల్లెవెలుగు రంగులు పూసింది, ముందర సూళ్ళూరుపేట బోర్డు తగిలించింది. అలా మార్చి పెట్టడాన్ని మాడ్ చేయడం అంటారట. ఆటను ఎవరో తయారుచేస్తారు, మనం అందులో మన బస్సు, మన రోడ్డు, మన పడవ పెట్టుకుంటాం. దుర్గ రంగులేసిన బస్సును ముక్కూమొహం తెలియని పిల్లలు ఎక్కడెక్కడో తోలుతున్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి.

ఆ బస్సు చూసే ఆన్‌లైన్లో ఒక తెలుగు గుంపు దుర్గను కలుపుకుంది. గుంటూరులో ఉండే సంజీవరావు అనే అతను దానికి పెద్ద. పడవలు నడిపే ఒక కంప్యూటర్ ఆటలోకి వాళ్ళు మన సరస్సును తెస్తున్నారు. నీళ్ళు, దిబ్బలు, కొంగలు అన్నీ సిద్ధమయ్యాయి. పడవ ఒక్కటే లేదు. "మీది ఆ ఊరే కదండీ, పడవ మీరు చెయ్యండి. దసరాకి విడుదల చేస్తాం. అప్పటికి కాకపోతే కేరళ హౌస్‌బోట్ ఒకటి తయారుగా ఉంది, అది పెట్టేస్తాం" అన్నాడట.

ఆ మాట దుర్గకు చురుక్కుమంది. "మా సరస్సులో కేరళ పడవంట మే! గెడేసి తోసే పడవ మాది. దాని నెత్తిన ఇల్లంట, కిటికీలంట! ఊరుకుంటానా నేను?" అని బస్సు దిగేదాకా రుసరుసలాడింది.

కానీ పడవ చేయాలంటే ఫోన్ చాలదు, కంప్యూటర్ కావాలి. అప్పటినుంచి దుర్గకు అన్నం సయించలేదు. వీడియోలు చూసింది. గుంపులో ఉన్నవాళ్ళను అడిగిందే అడిగింది. భోజనాల గంటలో నాకు పాఠం చెప్పేది. ల్యాప్‌టాప్ వద్దంది, తొందరగా వేడెక్కుతుంది, లోపలి సామాను మార్చుకోలేం. పెట్టె కంప్యూటరే మేలు, ఈరోజు తక్కువలో మొదలుపెట్టి రేపు ఒక్కొక్కటే పెంచుకోవచ్చు. మెమరీ మాత్రం మొదటిరోజే దండిగా ఉండాలట. "మెమరీ అంటే మనం పనిచేసే బల్ల అనుకో మే. బల్ల ఇరుగ్గా ఉంటే ఎంత పనోళ్ళమైనా ముక్కలు కింద పెట్టి మళ్ళీ ఎత్తుకోవాల్సిందే గదా" అనేది. గ్రాఫిక్స్ కార్డు ఆ ఆట అడిగినంత ఉంటే చాలు. మౌసుకు మధ్యలో తిరిగే చక్రం లేకపోతే పడవను అటూ ఇటూ తిప్పి చూడటం కుదరదు. రెండు స్క్రీన్లు ఉంటే ఒకదాంట్లో పని, ఒకదాంట్లో ఆట, రెండోది పాతదైనా పరవాలేదు. రంగు లైట్లు మాత్రం శుద్ధ దండగ. నెల్లూరులో ఒక కొట్టువాళ్ళు ఆన్‌లైన్లో పెట్టిన నల్లటి పెట్టె ఒకటి సరిగ్గా అలాగే ఉందని వెతికి పట్టుకుంది. ఇక పోయి తెచ్చుకోవడమే.

తెచ్చుకోనిస్తే కదా. కుప్పంలో కొత్త ఇంజన్ ఎవరు కొన్నా పద్మనాభయ్య చేత్తోనే కొనాలి. పెద్దవాడు, చెయ్యి మంచిదని పేరు. కొట్టులో ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, చెవి దగ్గర పెట్టి కాసేపు వింటాడు. ఊ అంటే కొంటారు. ఊహూ అంటే ఎంత గొప్ప కంపెనీదైనా వదిలేసి వస్తారు. బిల్లు కూడా ఆయన పేరునే రాయిస్తారు, అప్పుడే ఆ చేతి మంచి వస్తువుకు అంటుతుందట. ఆయన ఎంచిన ఇంజన్ నడిసముద్రంలో ఆగిన పాపాన పోలేదని చెప్పుకుంటారు. ఇంజన్ల తర్వాత మోటార్‌సైకిళ్ళకూ ఆయనే, మిక్సీలకూ ఆయనే. ఇప్పుడు కంప్యూటర్.

"అమ్మా, ఆయనకు కంప్యూటర్ గురించి ఏం తెలుసు?" అని దుర్గ తల్లితో వాదించింది.

"తెలిసే పని లేదు మే. చెయ్యి పెడితే చాలు. ఇప్పుడు ఆయన్ని కాదని పోతే రేపు పెంచల్ ఇంజన్‌కి ఏ మొగం పెట్టుకుని పిలుస్తాం?" అంది పేరమ్మ.

తమ్ముడి ఇంజన్ పేరు ఎత్తేసరికి దుర్గ ఆయన్ను పిలవడానికి ఒప్పుకుంది.

ఆదివారం వాళ్ళ ముగ్గురితో నెల్లూరుకు నేనూ తోడు పోయాను. పెద్ద కొట్టు, అద్దాల తలుపులు, లోపల ఏసీ. దుర్గ నేరుగా పోయి తనకు కావలసింది చెప్పింది. కొట్టువాడు ఆమె చెప్పిందంతా పద్మనాభయ్య మొహం చూస్తూ విన్నాడు. విని, "పాపకు ఆన్‌లైన్ క్లాసులకా పెద్దాయనా?" అని ఆయన్ను అడిగాడు. జీతం దుర్గది, పని దుర్గది, మాట్లాడుతున్న నోరు దుర్గది. ప్రశ్న మాత్రం పక్కనున్న మగవాడికి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"క్లాసులకు కాదు. ఆటలకు మాడ్లు చేసేదానికి" అంది దుర్గ.

"ఓహో, గేమింగా!" అంటూ వాడు రంగులు చిమ్ముతున్న వరస వైపు తిరిగాడు.

"ఆడేదానికి కాదండీ, చేసేదానికి. అదిగో, ఆ నల్ల పెట్టె ఆన్ చెయ్యండి."

చేశాడు. చప్పుడే లేదు. దుర్గ కీబోర్డు లాక్కుని లోపల ఏమేం ఉన్నాయో తెరిచి చూసుకుంది. "అన్నీ నేననుకున్నట్టే ఉండాయి వాణీ" అని నా చెయ్యి నొక్కింది.

అప్పుడు పద్మనాభయ్య ముందుకొచ్చాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, వంగి చెవి పెట్టాడు. పేరమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఆయన చాలాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"ఊహూ. మూగది. గొంతు లేని ఇంజన్ అలలో పలకదు."

"పెదనాయనా, ఇది పడవ ఇంజన్ కాదు. చప్పుడు లేకుంటేనే దీనికి మంచిది."

"చప్పుడు లేకుండా పనిచేసే మిషను యాడన్నా ఉంటాదా మే?" అని ఆయన పక్కకు జరిగాడు.

పక్కన అద్దం తలుపున్న పెద్ద పెట్టె ఒకటి ఉంది. కొట్టువాడు దాన్ని ఆన్ చేశాడు. ఫ్యాన్లు ఎరుపు, నీలం మార్చుకుంటూ హోరున లేచాయి. పద్మనాభయ్య చెయ్యి పెట్టాడు, అరచేతి కింద పెట్టె అదురుతోంది. రెండు చేతులా కొంచెం ఎత్తి బరువు చూశాడు. "ఊ" అన్నాడు.

ఆయనకు తెలియదు, సరే. కొట్టువాడికి తెలుసు కదా! అమ్ముడుపోక పడి ఉన్న పెట్టె అది. "పెద్దాయన కరెక్టుగా పట్టేశాడు, మా దగ్గర ఇదే టాపు" అన్నాడు. వాడి నోరు పడిపోను. దుర్గ నల్ల పెట్టె మీద చెయ్యి తీయకుండా తల్లి వైపు చూసింది. పేరమ్మ గడ్డం పట్టుకుని బతిమాలింది. బిల్లు పద్మనాభయ్య పేరున రాశారు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ పెట్టె కుప్పానికి చేరిన రోజు ఇరుగూ పొరుగూ వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారట. "ఎంత బాగా పాడతా ఉందో!" అని మెచ్చుకున్నారట. అది పాడటం కాదు, ఏడవటం. దుర్గ పడవ మొదలుపెట్టింది. అడుగు చెక్క వచ్చింది, పక్క చెక్కలు వచ్చాయి. ముక్కు దగ్గర వంపు తిప్పబోయేసరికి స్క్రీన్ బిగుసుకుపోయింది, కాసేపటికి అంతా దానంతటదే మూతపడింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. వెతికి చూస్తే మెమరీ తను కోరుకున్నదాంట్లో సగమే ఉంది. కార్డు ఎవరో రాత్రీపగలూ వాడి వాడి పారేసినది, తుడిచి బిగించారు. లోపల కాలిపోతూ ఉంది కాబట్టే ఫ్యాన్లు అంత గోల పెడుతున్నాయి.

దసరా దగ్గరపడుతోంది. సంజీవరావు నుంచి ఫోన్. "అయిందా అండీ?" "అవుతుంది." దుర్గ ఆ ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేసింది.

సెలవు పెట్టుకుని ఇద్దరం పెట్టెను నెల్లూరు మోసుకుపోయాం. కొట్టువాడు బిల్లు చూసి, "పద్మనాభయ్య అంటే మీరా?" అన్నాడు. వెటకారం. "బిల్లు ఎవరి పేరుంటే వాళ్ళు రావాలమ్మా. పెద్దాయన్ని పిల్చుకు రండి, చూద్దాం." నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను, కొట్టులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అయినా వాడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

బస్సు దిగి నేరుగా పద్మనాభయ్య ఇంటికి పోయాం. ఆయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. దుర్గ నిలబడే అంతా చెప్పింది. "మీరొచ్చి ఒక్క మాట చెప్తే మారుస్తాడు పెదనాయనా."

ఆయన తల ఎత్తలేదు. "నా చేత్తో కొన్నది వెనక్కి పోయింది లేదు. ఇప్పుడు పోతే కుప్పం ఏమనుకుంటాది?"

"కుప్పం ఏమనుకుంటే నాకేం? నా పడవ ఆగిపోయి ఉంది!"

"మిషనుది తప్పు కాదు మే. దాన్ని తోలడం నీకు రాలా."

అక్కడే ఉంటే ఏమైపోయేదో. నేను దుర్గ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇంటికొచ్చాక అది ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పెట్టెను నట్టింట్లో పడుకోబెట్టింది. వెనకాల ఒక స్టిక్కరు ఉంటుంది, అది చింపితే కొట్టువాళ్ళు ఇక ఏ పూచీ పడరు. దుర్గ గోటితో దాన్ని ఒక్క ఊపున పీకేసింది. "ఇంక ఏ మొగోడి సంతకమూ అక్కర్లా" అంది. పేరమ్మ లబలబలాడింది. "పద్మనాభయ్య చేత్తో వచ్చినదాన్ని పీకుతా ఉండావే, ఇంటికి అరిష్టం గదే!" దుర్గ వినిపించుకోలేదు. మాకు ఈ లోకంలో వచ్చిన పని ఏదైనా ఉందంటే స్క్రూలు తిప్పడం. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే ఊడదీశాం. కాలిన కార్డు తీసేసింది. లైట్ల ఫ్యాన్లు తీసేసింది. వాటి జాగాలో మామూలువి రెండు పెట్టింది. గుంపులో ఒకమ్మాయి, డెబోరా అని, చెన్నైలో ఉంటుంది, తను వాడి పక్కన పెట్టిన కార్డు బస్సులో పంపింది. మెమరీ కొత్తది కొన్నది. దానికోసం దుర్గ ఏమేం మానుకుందో నాకు తెలుసు, అది ఇక్కడ చెప్పడం దానికి నచ్చదు.

పెట్టె మళ్ళీ ఆన్ చేస్తే ఫ్యాన్లు ఉన్నాయో లేవో తెలియలేదు. గుమ్మంలోంచి చూసిన పక్కింటి గురవమ్మ, "చచ్చిపోయిందా అది?" అని అడిగింది.

దుర్గ డ్యూటీ దిగి రావడం, పడవ దగ్గర కూర్చోవడం. లైన్లో మూతలు బిగిస్తూ కూడా మాట్లాడేది పడవ గురించే. గెడ నీళ్ళలో దించినప్పుడు పడవ ముందుకు ఎంత జారాలి, మనిషి బరువు ఏ వైపు పడాలి. ఒకసారి పెంచల్‌ను నిజం పడవలో నిలబెట్టి, గెడ వేయించి, ఫోన్లో తీసుకుంది. తమ్ముడు విసుక్కుంటే తిట్టి మరీ వేయించింది. దసరాకు ముందే పడవ సంజీవరావుకు చేరింది. "ఇదండీ పడవంటే! హౌస్‌బోట్ తీసేశాం" అని మెసేజ్ పెట్టాడు. ఆ రోజు దుర్గ లైన్లో పాట పాడింది, సూపర్‌వైజర్ చేత తిట్లు తిన్నది.

పండగ సెలవుకు నన్ను కుప్పానికి రమ్మంది. ఇంటి నిండా జనం. స్క్రీన్ మీద సరస్సు, కొంగలు, వాళ్ళ పడవ. గెడ వేస్తే కదులుతోంది. పిల్లలు కేకలు పెట్టారు. పెద్దవాళ్ళు నోళ్ళు తెరిచారు. గురవమ్మ ముక్కు మీద వేలేసుకుని, "ఎంతైనా పద్మనాభయ్య చెయ్యి గదా!" అంది.

"అవునమ్మా, ఆయన చేతి చలవే" అని పేరమ్మ చేతులు జోడించింది.

నేను పళ్ళు నూరుకున్నాను. దుర్గ లేచింది. మంచం కిందనుంచి గోతం బయటికి లాగింది. కాలిన కార్డు, లైట్ల ఫ్యాన్లు, సగం మెమరీ, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని భుజాన వేసుకుని వీధిన పడింది. వెనక జనం, జనం వెనక నేను. పద్మనాభయ్య అరుగు మీద గోతం బోర్లించింది.

"పెదనాయనా, మీ చెయ్యి కొన్నది ఇది. ఈ చెత్తంతా మీది. ఇంట్లో ఆడతా ఉండేది నాది. చదివింది, అడిగింది, పీకింది, బిగించింది నేను. అది నా పని!"

ఆయన ఆ కుప్ప వైపు చూస్తూ కూర్చున్నాడు. పేరమ్మ కూతురి వీపు మీద రెండు దెబ్బలు వేసి ఇంటికి లాక్కుపోయింది.

అంతటితో బుద్ధి వచ్చిందనుకున్నాను. ఈ జనానికి బుద్ధా! కొన్నాళ్ళు దుర్గతో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంకో మాట పుట్టింది. పద్మనాభయ్య చెయ్యి చల్లబడిపోయిందట, ఆ మంచి ఇప్పుడు దుర్గ చేతికి వచ్చిందట. గురవమ్మ కొత్త ఫోన్ తెచ్చి, "ఒక్కసారి పట్టుకో తల్లీ" అంది. ఎవరో మేకను కొనేటప్పుడు పిలిచారు. మేకను! దుర్గ నాకు ఫోన్ చేసి చెబుతుంటే దాని కోపానికి నా చెవి కాలింది. "ఇన్ని దినాలు నేను చేసిందంతా ఏమైపోయింది వాణీ? మళ్ళీ చెయ్యేనా?"

చివరికి పెంచల్ కూడా అదే మాట అన్నాడు. పడవ అమరింది, ఇంజన్ కొనాలి. ఆ పొద్దు నేను అక్కడే ఉన్నాను. చొక్కా వేసుకుని వచ్చి, "అక్కా, నువ్వు రా. నీ చెయ్యి మంచిదంట" అన్నాడు.

దుర్గ చేతిలో ఉన్న చెంబు నేలకేసి కొట్టింది. "ఇంకొకసారి చెయ్యి అంటే పళ్ళు రాలతాయి. ఇంజన్ గురించి నాకేం తెలుసురా? పద్మనాభయ్య పెదనాయనకు తెలుసు. పుట్టినకాడినుంచి అందులోనే ఉండాడు. నడువు."

తమ్ముడి రెక్క పట్టుకుని ఆ అరుగు దగ్గరికి తీసుకుపోయింది. గోతం బోర్లించిన తర్వాత ఆ ఇంటి వైపు పోవడం అదే మొదలు. పద్మనాభయ్య దుర్గను చూసి మొహం తిప్పుకున్నాడు.

"పెదనాయనా, వీడికి ఇంజన్ చూసిపెట్టండి" అంది దుర్గ. అందులో బతిమాలుడు లేదు. "చూసేటప్పుడు ఏం చూస్తారో వీడికి చెప్పండి. చెప్పకుండా ఊరికే చెయ్యి పెట్టేదానికైతే రావద్దు."

ఆయన అరుగు దిగాడు. మొహం ఎర్రబడింది. దుర్గను కొడతాడేమోనని నేను ముందుకు జరిగాను.

"ఇన్నేళ్ళూ సామిని పల్లకీలో మోసినట్టు మోసుకుపోతిరే! చెయ్యి పెట్టు సామీ అంటిరి, పెడితిని. ఆ చెయ్యి కింద నాకు ఏం తెలుస్తాదని ఒక్కడన్నా అడిగినాడా? ఇంజన్లు ఊడదీసి, నూనెలో మునిగి నేర్చుకున్నా నేను. చెయ్యంట, చెయ్యి! ఆ దినం కొట్లో ఆ పెట్టె సంగతి నాకు తెలీదని చెప్పే దారి ఉండిందా నాకు? మీ అమ్మ దణ్ణం పెట్టుకుని నిలబడి ఉంటే ఎట్టా చెప్పేది మే? ఈ చెయ్యి రేపు నాతోనే కాలిపోతాది. ఆ పొద్దు ఎవుర్ని పిలుచుకుపోతారు మీరు?"

అరిచి అరిచి ఆయనకు ఆయాసం వచ్చింది. దుర్గ తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది.

"చెయ్యి పెడితే ఏం తెలుస్తాది పెదనాయనా?" అని పెంచల్ అడిగాడు.